బావగారి వెండి నీళ్లు

ప్రతి ఇంట్లోనూ ఒక వెండి నీళ్ల యంత్రం ఉండి తీరాలని చట్టం చేయాలి! ఫ్రిజ్ లేకపోయినా బతకొచ్చు, ఇది లేకపోతే బతకలేం. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టువాణ్ని కాబట్టి స్వార్థంతో అంటున్నాననుకుంటారేమో. స్వార్థంతోనే అంటున్నాను. అయినా వినండి.

యంత్రమంటే పెద్ద ఆర్భాటమేమీ లేదు. గాజు గ్లాసులో నీళ్లు, అందులో రెండు వెండి చెంచాలు, వాటికి క్లిప్పులు, వైర్లు, కరెంటు. కాసేపటికి చెంచా నుంచి సన్నటి పొగలాంటిది నీళ్లలోకి దిగుతుంది. అది తాగితే రాని జబ్బు రాదు, వచ్చిన జబ్బు ఉండదు. ఎవరు చెప్పారంటారా? ఫోన్‌లో వీడియో పెట్టి ఒకాయన చెప్పాడు. తెల్లకోటు వేసుకుని మరీ చెప్పాడు!

మా అక్క మొగుడు, అంటే మా బావ, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. డాక్టరు ఒక మాత్ర రాస్తే పది ప్రశ్నలు వేసే మనిషి. ఆ వీడియో ఆయన్ని మాత్రం ఒక్కటీ అడగలేదు. తిన్నగా నా కొట్టుకొచ్చి క్లిప్పులు కొన్నారు.

ఇక లాభాలు చూడండి. పెళ్లయిన నాటి నుంచీ వంటగది గడప తొక్కని మనిషి తన గ్లాసులు తనే తోముకుంటున్నారు. వెండి చెంచాలు అరిగి అరిగి పుల్లల్లా అయ్యాయి, బీరువాలో చోటు కలిసొచ్చింది. ఈ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కొందరికి ఒళ్లు నీలిబూడిద రంగుకు తిరిగి, మరి పోదట. జన్మలో వెలిసిపోని రంగు ఏ పెయింట్ కంపెనీ ఇస్తుంది చెప్పండి?

అన్నిటికంటే పెద్ద లాభం మా అక్క దగ్గు. మూడు వారాలు పట్టి పీడించింది. బావ పూటకో గ్లాసు తాగించారు, తగ్గిపోయింది! వీధంతా చాటుకున్నారు. అక్క మాత్రం నా దగ్గరికొచ్చి, చాటుగా క్లినిక్‌కు వెళ్లి మాత్రలు వాడానని చెప్పింది. ఆ ముక్క ఆయనకు చెప్పవేమని అడిగితే, పోనీలేరా, రిటైరయ్యాక ఆయన మొహంలో ఇంత కళ ఎప్పుడు చూశామంది.

నాకూ గిట్టుబాటు బేరమే అనిపించింది. బావ కాలి బొటనవేలికి పుండు పడేదాకా.

ఆయనకు షుగర్. వేలు నల్లబడుతోంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే, మీ అక్క దగ్గు తగ్గించిన నీళ్లు నా వేలిని తగ్గించవా అంటారు. నిన్న అక్క ఇక తట్టుకోలేక, దాచిన ఖాళీ మాత్రల అట్టలు తెచ్చి గ్లాసు పక్కన పెట్టింది.

"నా దగ్గు వీటితో తగ్గిందండీ. మీకు అబద్ధం చెప్పాను."

బావ అట్టలు అటూ ఇటూ తిప్పారు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. తలెత్తి మా ఇద్దరినీ చూశారు.

"ఇన్ని మాత్రలు మింగి కూడా నీకు తగ్గిందంటే, ఆ నీళ్లకు ఎంత బలముందో చూడవే" అన్నారు.

ఇన్నేళ్లుగా సరుకు అమ్ముతున్నాను, ఇలాంటి సరుకు చూడలేదు. తగ్గితే నీళ్ల గొప్ప, తగ్గకపోతే ఇంకో గ్లాసు. వాపసు రావడమన్నది లేనే లేదు!

వాదించి లాభం లేదని వీధిలోకెళ్లి ఆటో పిలిచాను. ఎక్కడికని అడిగారు.

"డాక్టరు దగ్గరికే బావా. మీ నీళ్లు పనిచేస్తున్నాయని ఆయన చేతే రాయించుకుందాం. ఆ కాగితం పెట్టి మీరూ ఒక వీడియో చేయొచ్చు."

చెప్పు పట్టని కాలితో కుంటుకుంటూ, మా ఇద్దరికంటే ముందే ఎక్కి కూర్చున్నారు.