కెజియా గారి కుర్చీ

ముత్తుకూరు ప్రజలు అదృష్టవంతులు. ఈ సంగతి వాళ్ళకు తెలియదు. మంత్రి నరేంద్రబాబు గారు స్వయంగా వచ్చి చెబితే తెలిసింది.

"ఈ సముద్ర తీరం నుంచి తెలుగు మహిళ ఎలక్ట్రానిక్ గళం ప్రపంచమంతా వినబోతోంది! దేశంలోనే మొట్టమొదటి మహిళా ఎలక్ట్రానిక్ వాద్య సాధికార కేంద్రాన్ని మీ ఊరికే ఇస్తున్నాను. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, మిక్సరు... ఇక మీదట అన్నిటి దగ్గరా ఆడబిడ్డే కనపడాలి. విజిబిలిటీ! రిప్రజెంటేషన్!" అని ఆయన వేదిక మీద నుంచి ప్రకటించారు. ఆఖరి రెండు మాటలకు చప్పట్లు మోగిపోయాయి. అర్థమయ్యే మాటలకు మన జనం అంతగా చప్పట్లు కొట్టరు.

ఆయన వెనక కట్టిన ఫ్లెక్సీలో పద్నాలుగు మంది నాయకులు నమస్కారం పెడుతున్నారు. కింద మూలన ఒక కీబోర్డు, దాని పక్కన హెడ్‌ఫోన్లు పెట్టుకుని నవ్వుతున్న ఒక తెల్లమ్మాయి. ఆ విధంగా మహిళల ప్రాతినిధ్యానికి లోటు రాలేదు.

కెజియా జనంలో నిలబడి చివరి దాకా విన్నది. ఆమెకు కావలసిన మాట చివర్లోనే వచ్చింది. కేంద్రానికి ఒక ముఖ్య శిక్షకురాలు కావాలి, ఆడవాళ్ళే అర్జీ పెట్టుకోవాలి. ఇరవై ఏడేళ్ళ వయసులో ఒక ప్రభుత్వ ప్రకటన తనకోసమే రాసినట్టు అనిపించడం ఆమెకు అదే మొదటిసారి.

ఆమెకు బజారులో ఒక కొట్టు ఉంది. బోర్డు మీద మాత్రం 'జడ్సన్ ఎలక్ట్రానిక్స్, కీబోర్డులు, ప్యాడ్లు రిపేరు చేయబడును' అని ఉంటుంది. జడ్సన్ ఆమె అన్న. పోర్టులో క్రేను నడుపుతాడు. సోల్డరింగ్ రాడ్డును ఏ వైపు పట్టుకోవాలో తెలియక ఒకసారి పట్టుకుని, మళ్ళీ ఎన్నడూ దాని జోలికి పోలేదు. అయినా ఆడపిల్ల పేరు పెడితే కీబోర్డు ఎవరు తెస్తారని బోర్డు రాసే మనిషే తీర్మానించి, ఆమెను అడక్కుండా రాసేశాడు.

ఆ తీరంలో ఉప్పుగాలికి ఏ కీబోర్డూ రెండేళ్ళు ఆరోగ్యంగా ఉండదు. లోపలి బోర్డుకు పచ్చగా చిలుం పడుతుంది. వాకాడు నుంచి కావలి దాకా ఏ చర్చిలో స్వరం మూగబోయినా దాన్ని దుప్పట్లో చుట్టి ఈ కొట్టుకే తెస్తారు.

"అన్న లేడామ్మా?"

"లేడు."

"వస్తే చెప్పు. మధ్యలో నాలుగు కీలు పలకడం లా."

సాయంత్రానికి ఆమె బాగుచేసి ఉంచుతుంది. తీసుకుపోయేవాడు రెండు స్వరాలు వాయించి చూసుకుని, అన్న చేతి చలవే చలవ అని పొగిడి పోతాడు.

రిపేరు ఒక్కటే కాదు. పెద్దవల లాగేటప్పుడు తీరం మీద వినిపించే ఊపును, పెళ్ళిళ్ళలో మోగే పలకల దరువును ఆమె కీబోర్డులోకి ఎక్కించి, కీర్తనలకు సరిపోయే రిథమ్‌లు తయారుచేసింది. వాటిని దాచుకోవాలంటే ఏదో ఒక పేరు ఇమ్మని యంత్రం అడుగుతుంది. లోకంలో ఆమెను పేరు అడిగింది ఆ యంత్రం ఒక్కటే. అందుకని సంతోషంగా 'కెజియా 1', 'కెజియా 2' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ పోయింది. కొట్టుకు వచ్చిన ప్రతి కీబోర్డులోనూ వాటిని వేసి పంపింది. అక్కడి నుంచి అవి పెన్‌డ్రైవుల్లో ఊరూరా తిరిగాయి. క్రిస్మస్ ఆరాధనల్లో 'కెజియా 7' మోగని ఊరు ఆ తీరంలో లేదు.

అది ఎవరి పేరని మాత్రం ఎవరికీ సందేహం రాలేదు. పెద్ద చర్చి కీబోర్డిస్టు ఫ్రెడ్డీ ఆ సంగతి ఎప్పుడో తేల్చేశాడు.

"జపాన్‌లో ఈ కంపెనీ ఓనరు విశ్వాసి అంట బ్రదర్. బైబిల్లో యోబు భక్తుడి కూతురుండాది గదా, ఆమె పేరు పెట్టినాడు. దేవునికి స్తోత్రం."

ఇంత మంచి సాక్ష్యం దొరికాక ఎవరు కాదంటారు? స్తోత్రమే అన్నారు.

అర్జీలు తీసుకునే బాధ్యత ప్రత్యేకాధికారి పెంచలప్రసాద్ గారిది. ఆయన చాలా మర్యాదస్తుడు. ఏ ఆడమనిషి వచ్చినా లేచి నిలబడతారు. నిలబడే పంపేస్తారు.

"సంతోషం తల్లీ. ఇప్పటికి రెండువందల పన్నెండు అర్జీలు వచ్చినాయి."

"వాళ్ళందరికీ కీబోర్డు వచ్చా సార్?"

"ఒక్కరికీ రాదు. అందుకే వాళ్ళతో ఇబ్బంది లేదు. రానివాళ్ళు ప్రూఫ్ పెట్టాల్సిన పని లేదు గదా. నువ్వేమో వచ్చు అని రాసినావు. వచ్చు అన్నాక అనుభవం సర్టిఫికెట్ పెట్టాల."

"వచ్చు అనే మాట కొట్టేయమంటారా సార్?"

"కొట్టేస్తే దిద్దుబాటు కిందికి వస్తాది. అర్జీ చెల్లదు."

కెజియా పదకొండు చర్చిలు తిరిగింది. పాస్టర్లందరూ ప్రేమగల మనుషులు. కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. 'మా సంఘపు వాద్యములను ఎనిమిది సంవత్సరములుగా నమ్మకముగా బాగుచేయుచున్న బ్రదర్ జడ్సన్ గారి చెల్లెలు ఈమె అని ధ్రువీకరించడమైనది.' మేం చూడనిది ఎట్లా రాస్తాం తల్లీ, అబద్ధమవుతుంది గదా అన్నారు.

పెంచలప్రసాద్ గారు పదకొండు కాగితాలూ ఓపిగ్గా చదివారు.

"బ్రహ్మాండంగా ఉండాయి. మీ అన్న ఆడమనిషి కాకపోవడం ఒక్కటే లోపం."

కేంద్రం కోసం వచ్చిన నలభై కీబోర్డులు ఆయన గదిలోనే ఉన్నాయి. ఫ్రెడ్డీ వాటిలో రిథమ్‌లు ఎక్కించి వెళ్ళాడు. కెజియా ఒకదాన్ని ఆన్ చేసి, తెర మీద పేరు చూపించింది.

"ఇది నేనే సార్."

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ పేరు చదివారు. తర్వాత ఆమె ఆధార్ కార్డు చదివారు. కార్డులో భానుప్రియ అని ఉంది. బడిలో చేర్పించినప్పుడు నాన్న కెజియా అనే చెప్పాడు. హెడ్మాష్టరు గారికి ఆ పేరు నచ్చలేదు, తనకు నచ్చింది రాసుకున్నారు. అప్పటి నుంచి ఆమె దేవుడి దగ్గర కెజియా, ప్రభుత్వం దగ్గర భానుప్రియ.

"చూడు భానుప్రియా, ఇంకొకరి పేరు నాదే అనడం నేరం కిందికి వస్తాది. ఆడబిడ్డవని వదిలేస్తా ఉండా" అన్నారాయన, లేచి నిలబడి.

ప్రారంభోత్సవం తీరం పక్కనే పెట్టారు. వేదిక మీద మంత్రి గారు తప్ప అందరూ మహిళలే ఉండాలని ఆదేశం. ఒకే రంగు చీరలు కట్టించిన నలభై మంది నలభై కీబోర్డుల ముందు నిలబడ్డారు. ముప్పై తొమ్మిదింటికి కరెంటు లేదు, ఫోటోకు అక్కర్లేదు గనుక. మోగవలసిన ఒక్కదాని దగ్గర పార్టీ మహిళా విభాగం అధ్యక్షురాలు ఆదిశేషమ్మ గారు వేళ్ళు ఆనించారు. ఆమె వేళ్ళకు ఉంగరాలున్నాయి తప్ప వేరే అనుభవం లేదు. అందుకే ఆమెను ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.

కీబోర్డు పలకలేదు. వారం ముందే తెచ్చి ఆరుబయట ఉప్పుగాలిలో నిలబెడితే ఏ కీబోర్డు పలుకుతుంది?

"జడ్సన్‌ను పిలవండి!" అని పెంచలప్రసాద్ గారు కేకేశారు.

జడ్సన్ క్రేను మీద ఉన్నాడు. కెజియా సంచీ తీసుకుని పరుగెత్తింది. గేటు దగ్గర పోలీసు ఆపాడు. టెక్నీషియన్ పాస్ జడ్సన్ పేరు మీదే ఉంది మరి. పెంచలప్రసాద్ గారు క్షణంలో నిర్ణయం తీసుకున్నారు. పెద్ద అధికారులు అయ్యేవాళ్ళు అట్లాగే తీసుకుంటారు. ఆ పాస్ ఆమె మెడలో వేసి, ఫోటోలో పడొద్దని చెప్పి, ఫ్లెక్సీ వెనక నుంచి వేదిక ఎక్కించారు.

ఆమె కీబోర్డు స్టాండు వెనక ముడుచుకుని కూర్చుని, మూత విప్పి, చిలుం తుడిచి, రెండు అతుకులు వేసి మూసింది. ఏడు నిమిషాలు. తర్వాత చెయ్యి పైకి చాపి 'కెజియా 7' నొక్కింది.

వల లాగే ఊపు స్పీకర్లలోంచి దూకింది. వెనక వరసలో చేపల గంపలతో వచ్చిన ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. గురవమ్మ అనే ఆమె గంప దించి చప్పట్లు మొదలుపెట్టింది. ఆదిశేషమ్మ గారు కంగారుగా వేళ్ళు తీసేశారు. వేళ్ళు తీసేశాక పాట ఇంకా బాగా వచ్చింది. కెజియాకు స్టాండు వెనకే కళ్ళనీళ్ళు తిరిగాయి. తన ఊపుకు ఆడవాళ్ళు చేతులు కలపడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

మంత్రి గారు దగ్గరకు వచ్చి తెర చదివారు.

"కెజియా... ఎవరిది?"

వేదిక కింద మైకు దగ్గరున్న ఫ్రెడ్డీ చెప్పాడు. "జపాన్ సార్. కంపెనీ వాళ్ళు."

"ఆడపేరా?"

"ఆడపేరే సార్. యోబు కూతురు."

మంత్రి గారు చలించిపోయారు. మైకు అందుకున్నారు.

"చూశారా! జపాన్‌లో ఒక ఆడబిడ్డ ఇంత పని చేసింది. అట్లాంటి మహిళ మన దగ్గర ఒక్కరన్నా ఉన్నారా?"

సభ సిగ్గుతో తల దించుకుంది. స్టాండు వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. దాని వెనకే మనిషి కూడా లేచింది.

"నేనే సార్. కెజియాని."

మంత్రి గారు ఆమె మెడలోని పాస్ చదివారు. 'జడ్సన్'. సభంతా గొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వి, ఆమె భుజం మీద శాలువా కప్పి, "మన టెక్నీషియన్ జడ్సన్ గారు హాస్యప్రియులు" అన్నారు. ఆమె ఇంకేదో చెప్పబోయింది గానీ మైకు అప్పటికే ఆదిశేషమ్మ గారి చేతిలోకి వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే కెజియా గారిని ఆహ్వానించడానికి ప్రతినిధి బృందం జపాన్ వెళ్ళింది. ఫ్లెక్సీలో ఉన్న పద్నాలుగు మందే. పది రోజులు వెతికారు. మంచుకొండ దగ్గర వెతికారు, రైల్లో వెతికారు, పెద్ద బొమ్మల దుకాణంలో కూడా వెతికారు. ఫోటోలున్నాయి. ఆమె ప్రచారానికి దూరంగా ఉండే మహిళ అని నివేదిక సమర్పించారు. ఆమె వచ్చేదాకా ముఖ్య శిక్షకురాలి పోస్టు గౌరవార్థం ఖాళీగా ఉంచాలని ఉత్తర్వు వచ్చింది.

కుర్చీ వేశారు. తలుపు మీద ఇత్తడి పలక బిగించారు. 'కెజియా గారు, ముఖ్య శిక్షకురాలు.' ఫైల్లో పదకొండు సర్టిఫికెట్లు దిట్టంగా ఉన్నాయి కాబట్టి సహాయ టెక్నీషియన్ ఉద్యోగం జడ్సన్‌కు ఇచ్చారు.

"నాకు పోర్టులో డ్యూటీ ఉండాది. నువ్వే పో మే" అన్నాడు జడ్సన్. పాస్ ఎలాగూ ఆమె మెడలోనే ఉంది.

ఇప్పుడు ఆమె రోజూ పొద్దున వెళ్ళి తలుపు తీసి, నలభై కీబోర్డులు తుడిచి, ఆ కుర్చీ కూడా తుడుస్తుంది. అందులో ఎవరూ కూర్చోకూడదని పెంచలప్రసాద్ గారు కాగితం అంటించి పోయారు.

మొన్న గురవమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గంప గుమ్మం బయట దించి, లోపలికి తొంగి చూసింది.

"మా పిల్లకి ఆ కెజియా మేడమ్ దగ్గరే నేర్పించాల. ఆమె ఎప్పుడొస్తాది మ్మా?"

కెజియా కుర్చీ మీద దుమ్ము దులిపి గుడ్డ మడిచింది.

"అర్జీ పెట్టిందంట అక్కా. అనుభవం సర్టిఫికెట్ దగ్గర ఆగింది."