నలభై మందికీ యాభై ఏళ్ళే

అర్షియా పొద్దున పోయి సాయంత్రానికి రావాలనుకుంది. అమీనాబీ మాత్రం మనవరాలి సంచిలో రెండు దుప్పట్లు, పది జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, టార్చిలైటు, జ్వరం మాత్రలు సర్దింది. జిప్పు పట్టకపోతే మోకాలితో అదిమింది.

"అవ్వా, నేను పోయేది ధర్మవరానికి. దుబాయికి కాదు."

"పోయేటప్పుడు అందరూ సాయంత్రానికి వస్తామనే చెప్తారు. నేనూ వస్తాండా, పద."

అర్షియా హిందూపురం నుంచి వెలువడే ఒక చిన్న పరిశోధన పత్రికలో సహాయ సంపాదకురాలు. చేసే పని వల్ల మనుషులకు వచ్చే జబ్బుల గురించిన పత్రిక అది. ప్రధాన సంపాదకుడు ఓబుళప్ప రిటైరైన డాక్టరు. ఈసారి సుధాకర్ అనే లెక్చరర్ ధర్మవరం నేతగాళ్ళ మోకాళ్ళ నొప్పుల మీద వ్యాసం పంపాడు. నలభై మందిని విచారించాడట. నలభై మందికీ యాభై దాటాయట. ఇదేమిటని అడిగితే, వాళ్ళు చెప్పిందే రాశానన్నాడు.

"మోకాళ్ళు ఏ వయసులో పోతాండాయో తెలిస్తేనే కదమ్మా మగ్గం మార్చమని గట్టిగా చెప్పేది," అన్నాడు ఓబుళప్ప. "కామాలు పెట్టడానికి మనమెందుకు? సాయంత్రంలోగా నిజం వయసులు తే. లేదంటే వ్యాసం తిప్పి పంపుదాం."

అర్షియా చేతికి అప్పగించిన మొదటి వ్యాసం అది.

బస్సు పెనుకొండ దాటేవరకు అమీనాబీ కిటికీ వైపు చూడలేదు. దాటాక రొట్టెలు విప్పి ముందు సీటువాళ్ళకు కూడా పెట్టింది.

ధర్మవరంలో, సుధాకర్ జాబితాలోని మొదటి ఇంట్లో ఎర్రప్ప గుంత మగ్గంలోకి కాళ్ళు దించి కూర్చుని పట్టుచీర నేస్తున్నాడు. తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. అర్షియా కాగితం తీసి వయసు అడిగింది.

"యాభై రెండు."

పక్కన కండెలకు పట్టుదారం చుడుతున్న ఉలిగమ్మ, అడగకముందే, "నాకు యాభై ఎనిమిది" అంది.

"ఈ అన్న మీకేమవుతాడమ్మా?"

"కొడుకు."

"ఆరేళ్ళకే కన్నారా?"

"మా కాలంలో పెండ్లిళ్ళు తొందరగా చేస్తాండ్రి తల్లీ."

యాభై నిండిన నేతగాడికి పింఛన్ వస్తుంది. అందుకని కాగితం పట్టుకుని వయసు అడిగిన ఎవరికైనా ఆ వీధి యాభై పైమాటే చెబుతుంది, ఎప్పటికైనా పనికొస్తుందని. 'పింఛన్ల మేడమ్ వచ్చినాది' అన్న మాట అర్షియా కన్నా ముందే వీధి చివరికి చేరింది. మూడో ఇంట్లో, పోయిన నెలే పెళ్ళయిన నాగేష్ తాత కళ్ళజోడు పెట్టుకుని ఎదురొచ్చి గడప తట్టుకుని పడ్డాడు. నాలుగో ఇంటాయన ఊతకర్రతో వచ్చాడు. ఐదో ఇంటాయన చేతిలోనూ అదే కర్ర. పెరటి గోడ మీదుగా వచ్చింది.

మనవరాలి మొహం చూసి అమీనాబీ ఉండబట్టలేకపోయింది. "పింఛన్లామె కాదప్పా! మా పిల్ల ఎడిటరు. ఒకరు రాసిన తప్పులు ఇంకొకరు చూడకముందే దిద్దేది దీని పని."

ఎర్రప్ప మగ్గం ఆపాడు. "ఏ తప్పయినా దిద్దుతాదా?"

"తప్పు కనపడితే దీనికి అన్నం దిగదు."

అయిదు నిమిషాల్లో వీధి మొత్తం ఆధార్ కార్డులతో వరుస కట్టింది.

"నేను కార్డులు దిద్దేదాన్ని కాదు," అని అర్షియా మొత్తుకుంది. ఎవరూ వినలేదు.

"కార్డులో మా అమ్మ నాకన్నా రెండేండ్లు చిన్నది," అన్నాడు ఎర్రప్ప. "ఆమెకు పింఛన్ ఎట్లొస్తాది? ఇదిగో నా బడి సర్టిఫికెట్. నాకు నిజంగా ముప్పై నాలుగు."

అర్షియా పెన్ను ఆగింది. మొత్తుకోవడం కూడా ఆపింది. "మోకాళ్ళెట్లున్నాయన్నా?"

అతను దూలానికి వేలాడుతున్న తాడు చూపించాడు. పట్టుకునే చోట అది నున్నగా అరిగిపోయింది. "ఇది లేకుంటే గుంతలోంచి లేయలేను. నాలుగేండ్లయింది."

తప్పు దిద్దించుకోవాలంటే నిజం చెప్పాలి కదా. మధ్యాహ్నానికి జాబితాలోని నలభై మందీ నిజం చెప్పారు, ఋజువులతో సహా. ఆమె కూడా అవ్వ మాట పోనివ్వలేదు. అరుగు మీద కూర్చుని కార్డుల ఆఫీసుకు నలభై అర్జీలు రాసిచ్చింది.

ఓబుళప్పకు ఫోను చేసి వయసులన్నీ చదివింది. "మోకాళ్ళు ముప్పైకే పోతాండాయా?" అన్నాడాయన. "వ్యాసం నిలబడిందమ్మా. సుధాకర్‌ను మళ్ళీ రాయమను."

చీకటి పడకముందే ఇద్దరూ హిందూపురంలో ఉన్నారు. దుప్పట్లు మడత విప్పకుండానే తిరిగొచ్చాయి. అమీనాబీ గడపలో నిలబడి మనవరాలిని పైనుంచి కిందికి ఒకసారి చూసుకుని, పెట్టెలోంచి తన కార్డు తెచ్చింది.

"నాదీ దిద్దు."

కార్డులో పుట్టిన సంవత్సరం 1968.

"నిజం వయసెంతవ్వా?"

"ఎవరికి తెలుసు? మీ తాత పోయినప్పుడు మీ నాయనకు మూడేండ్లు."

"అదెప్పుడు?"

ఈసారి అమీనాబీ తడుముకోకుండా చెప్పింది. అర్షియా వేళ్ళ మీద లెక్కపెట్టి పకపకా నవ్వింది. "కార్డు ప్రకారం అప్పటికి నీకు పదకొండేళ్ళవ్వా! మూడేళ్ళ కొడుకు!"

అమీనాబీ కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అర్షియా నలభై ఒకటో అర్జీ తీసి, ఋజువు అన్న చోట అవ్వ చెప్పింది చెప్పినట్టు రాసింది: మా ఇంటాయన మొహిద్దీన్ సాబ్ పెనుకొండ క్వారీలో పనికి పోయింది 1979 ఫిబ్రవరి 12, సోమవారం. తిరిగి రాలేదు.