బొట్టు పెట్టిన డాక్

ఆ రోజు పొద్దున జనగామలోని ఆ ఇంట్లో వేసుకున్న ప్లాన్ చాలా మామూలుది. ఒకటే బల్ల, ఒకటే పెద్ద స్క్రీన్, ఒకటే కీబోర్డు, రెండు లాప్‌టాప్‌లు. నడుమ ఉన్న కేవీఎం స్విచ్ నొక్కితే స్క్రీనూ కీబోర్డూ కలిసి రాకేశ్ వైపు నుంచి శ్రీలత వైపుకు మారాలి. మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు కనుక, ఆ స్విచ్ సరిగ్గా ఉంటేనే కాపురం సరిగ్గా ఉంటుంది.

చిక్కంతా డాకింగ్ స్టేషన్‌తో వచ్చింది. లాప్‌టాప్‌కూ స్విచ్‌కూ నడుమ తీగలన్నీ ఒక్కచోట తగిలించుకునే డబ్బా అది. రాకేశ్‌ది విండోస్ బదులు లైనక్స్ మీద నడిచే లాప్‌టాప్. శ్రీలత ఆఫీసులోనూ ఇంజనీర్లకు అవే ఇస్తున్నారు, వాటికి ఏ డాక్ కొనాలో తేల్చే పని మొదటిసారి ఆమెకు అప్పగించారు. ఆమె ఒకటి ఎంచి ఆఫీసుకు చెప్పింది కూడా. అయినా మొగుడు తెలిసినవాడు కదా అని, ఇంటికి ఒకటి తెచ్చి చూపమని అతన్నీ అడిగింది.

"వేరే డ్రైవర్ ఎక్కించే పని లేనిది చూడు. లైనక్స్‌ల గవి సతాయిస్తయట," అంది.

"నాకు చెప్తున్నవా? ఇంజనీరింగ్ సంది లైనక్స్ మీదనే ఉన్న."

అన్నవాడు డబ్బా మీద లైనక్స్ గుర్తు పెంగ్విన్ బొమ్మ చూసి, కింద ఏం రాసి ఉందో చదవకుండా ముందురోజే చవకది పట్టుకొచ్చాడు. పొద్దున తగిలిస్తే కీబోర్డు పనిచేసింది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉండిపోయింది. దాన్ని నడిపే డ్రైవరనే సాఫ్ట్‌వేర్ కావాలట, ఆ డ్రైవరేమో అతని లాప్‌టాప్‌లో ఎక్కనని మొండికేసింది. వాపస్ ఇద్దామని చూస్తే, అప్పటికే అతని తల్లి గట్టమ్మ కొత్త వస్తువని దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేసింది. పసుపు ఒక రంధ్రంలోకి కూడా దిగింది.

"వాపస్ ఇచ్చుడేంది బిడ్డా? బొట్టు పెట్టినంక ఇంటిదైనట్టే," అంది గట్టమ్మ.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి శ్రీలత "నడుస్తుందా?" అని అడిగింది. "మంచిగ నడుస్తుంది," అనేశాడు రాకేశ్. ఒక్క అబద్ధంతో పోతుందా? స్క్రీన్ తీగను స్విచ్ నుంచి పీకి, చాటుగా తన లాప్‌టాప్‌కే నేరుగా గుచ్చాడు. డాక్ నీలం లైటు వెలిగించుకుని, బొట్టుతో పెండ్లికొడుకులా బల్ల మీద కూచుంది.

టిఫిన్ దగ్గర శ్రీలత చల్లగా చెప్పింది. "నేను ముందు చెప్పింది వద్దని, నువ్వు తెచ్చిందే కొందామన్న. మా ఇంట్ల నడిపి చూసినమని ఆఫీసుల చెప్పిన. ఇయ్యాల మీటింగుల ఆర్డర్ పెడుతరు."

రాకేశ్ చేతిలోని సర్వపిండి ముక్కను పళ్లెంలో పెట్టేశాడు. "శ్రీలతా, గా డాక్..."

"నీ పుణ్యాన నా మొదటి పని మంచిగైతుంది," అంది ఆమె, ఎంతో నమ్మకంగా. ఆ నమ్మకం చూశాక అతనికి ముఖం ఎత్తబుద్ధి కాలేదు. ఆఫీసంతటికీ పనికిరాని డబ్బాలు వస్తే తిట్లు పడేది ఆమెకు. తెలిసీ, పెట్టేసిన ముక్కనే మళ్లీ నోట్లో కుక్కుకున్నాడు.

మీటింగు మొదలైంది. శ్రీలత తన లాప్‌టాప్ మీదే మీటింగు చాట్‌లో నమస్కారాలు రాసి, పెద్ద స్క్రీన్ కోసం స్విచ్ నొక్కింది.

"పెద్ద స్క్రీన్ ఇటు వస్తలేదేంది?"

"జర టైం పడ్తది," అన్నాడు రాకేశ్. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆమె చిన్న స్క్రీన్‌తోనే సర్దుకుంది. అతను పీకింది స్క్రీన్ తీగ ఒక్కటే కనుక, రాకేశ్ ముందున్న కీబోర్డు మాత్రం స్విచ్ చెప్పినట్టు విని శ్రీలత లాప్‌టాప్‌కు మారిపోయింది. ఆ సంగతి రాకేశ్‌కు తట్టలేదు. మానుకోటలో ఉండే దోస్తు ఓదెలును సలహా అడుగుదామని, అక్షరాలు వెతుక్కుంటూ, తల వంచుకుని రెండు వేళ్లతో మెసేజ్ కొట్టసాగాడు.

'అరే ఓదెలు, డాక్ నడుస్తలేదురా. తీగ చాటుగ లాప్‌టాప్‌కే పెట్టిన. శ్రీలత నన్ను నమ్మి ఆఫీసుకు చెప్పింది. నిజం చెప్పాలంటే సిగ్గయితుంది. ఏం చెయ్యాలె?'

ఎంటర్ కొట్టి తలెత్తాడు. ఎదురుగా స్క్రీన్ మీద ఒక్క అక్షరం లేదు. బల్ల అవతల శ్రీలత లాప్‌టాప్‌లోంచి ఆమె మేనేజర్ ప్రసూన మేడం గొంతు, ఆ మాటల్నే ఒక్కొక్కటిగా చదువుతూ వినిపించింది. చివరి మాట చదివాక ఎవరో ఆపుకోలేక నవ్వారు.

శ్రీలత ముఖం ఎర్రబడింది. రాకేశ్‌కు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్లి లాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాది మేడం. ఆమె ముందుగాల చెప్పిందే కరెక్టు. నేనే ఇనలే. ఇంటికాడ అబద్ధమాడిన."

"ఇంకో ఐదు నిమిషాలైతే ఆర్డర్ పోతుండె," అంది ప్రసూన మేడం. "బతికినం. శ్రీలతా, నువ్వు ముందు ఎంచిందే కొందాం. ఇంట్ల గింత గట్టిగ టెస్టింగు ఎవలు చేస్తరు?"

మీటింగు ముగిసింది. శ్రీలత లాప్‌టాప్ మెల్లగా మూసింది.

"నాకు ఒక్కదానికి చెప్పెటందుకు సిగ్గయిందని, ఆఫీసంతకు చెప్పినవా?"

రాకేశ్ వంగి స్క్రీన్ తీగను మళ్లీ స్విచ్‌కు గుచ్చాడు. శ్రీలత ఆఫీసు రికార్డుల్లో అతను నిజాయితీ గల వినియోగదారుడిగా నమోదయ్యాడు. ఇంట్లో ఆ హోదా ఇంకా మంజూరు కాలేదు.