ఒంటెగారి నీళ్ళ పంపకం

ఒక పెద్ద అడవిలో ఒక ఏరు పారేది. అడవి ఒకటే, ఏరూ ఒకటే, ప్రభుత్వాలు మాత్రం మూడు. ఎగువన ఎలుగుబంటిది, నడుమ అడవిపందిది, దిగువన నక్కది. ఈ సంగతి ఏటికి తెలీదు పాపం, దాని మానాన అది పారేది.

ఇలా కాదని ఎలుగుబంటి ఎగువన ఓ కట్ట వేసింది. కారిన నీళ్ళకి పంది ఇంకో కట్ట వేసింది. కట్ట వేద్దామంటే నక్కకి నీళ్ళే మిగల్లేదు. అందుకని అది ఉపన్యాసాలు ఇచ్చేది.

దిగువన ఒక్క మడుగు మిగిలింది. అందులో నూకాలు అనే కప్పా, దాని పిల్లలూ ఉన్నాయి. పిల్లలన్నీ తోకకప్పలే, ఇంకా కాళ్ళు రాలేదు. మడుగేమో రోజురోజుకీ ఇంకిపోతోంది. ముందు కాళ్ళు మొలుస్తాయా, ముందు నీళ్ళు ఇంకుతాయా అన్నదే నూకాలు దిగులు.

మూడు ప్రభుత్వాలూ కలిసి ఏటి బోర్డు పెట్టాయి. మరి ఛైర్మన్ ఎవరు? ఏనుగంటే "అది తాగేస్తుంది" అన్నారు. చేపంటే "అది ఏటి తరఫు మనిషి" అన్నారు.

"నీళ్ళ అవసరం లేనివాడే ధర్మంగా పంచుతాడు. ఎడారి నుంచి ఒంటెగారిని తెద్దాం," అంది ఎలుగుబంటి, పందికేసి కన్నుగీటుతూ. ఏరంటే ఏమిటో తెలియనివాడు ఏళ్ళ తరబడి నానుస్తాడని వాళ్ళ ఎత్తు.

ఒంటెగారు కూర్చున్నారో లేదో నూకాలు వచ్చి పడింది.

"బాబూ, మా పిల్లలకి కాళ్ళొచ్చేదాకా ఒక్క పాయ వదిలించండి."

"తప్పకుండా తల్లీ. ఎవరి వాటాలోంచి?"

"పంది వాటాలోంచి," అంది ఎలుగుబంటి.

"పైనుంచి వస్తేగా బావా నాకు వాటా. నీ కట్ట కింద నాకు దక్కింది నీ చెమటే," అంది పంది.

నక్క లేచింది. సొంత ప్రభుత్వం కదా, నూకాలు ఆశగా చూసింది.

"ఒక్క పాయ పుచ్చుకుంటే మొత్తం ఏటి మీద మన హక్కు పోతుంది. చస్తే పుచ్చుకోం," అంది నక్క.

"చచ్చేది నా పిల్లలు కదండీ."

"త్యాగమంటే అదేనమ్మా," అని నక్క కళ్ళు తుడుచుకుంది.

కళ్ళారా చూస్తేగానీ తేల్చనని ఒంటెగారు మడుగు దగ్గరికి వెళ్ళారు. గిట్ట మునిగీ మునగనంత నీళ్ళున్నాయి.

"ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఏడుస్తారేమిటి? మా వైపు దీన్ని సముద్రం అంటారు. ఇవి మిగులు నీళ్ళు," అని తేల్చేశారు.

ఎలుగుబంటీ పందీ పొట్టలు పట్టుకుని నవ్వాయి. కానీ ఒంటెగారు పక్షపాతం లేని మనిషాయె. అక్కణ్ణుంచి నేరుగా వాళ్ళ కట్టలెక్కారు.

"అదే సముద్రమైతే ఇవేమిటి మరి? ఇవీ మిగులే. మిగులేదైనా నీళ్ళు లేనివాళ్ళకి పోవాలి," అని ఎడారిలో చుట్టాలకి కబురంపారు.

ఒంటె వారాల తరబడి నీళ్ళు తాగదన్నది నిజమే. తాగిననాడు ఎంత తాగుతుందో ఎవరూ అడగలేదు, అంతే.

చుట్టాలు పిల్లాజెల్లాతో దిగి ఎలుగుబంటి కట్ట మీద బారులు తీరారు. "అయ్యా, పచ్చి మట్టి, మెల్లగా," అంటూనే ఉంది ఎలుగుబంటి. కట్ట కాస్తా కూలింది. ఆ వరద పంది కట్టని కూడా వెంటబెట్టుకుని దిగువకి వచ్చేసింది. మడుగు నిండింది.

బోర్డు అత్యవసరంగా కూర్చుంది, కట్టల సంగతికి కాదు. అనుమతి లేకుండా నీళ్ళు వాడుకున్నదెవరని.

"తోకకప్పలండీ," అంది నక్క అందరికంటే ముందు.

"పట్టుకురండి," అన్నారు ఒంటెగారు. నోటీసు రాసి, పంపి, అందేసరికి రోజులు గడిచాయి. నూకాలు పిల్లల్నేసుకుని వచ్చింది. అన్నీ సభలో టపటపా గెంతుతున్నాయి.

"వెతుక్కోండి బాబూ. తోకున్న వాళ్ళెవరో వాళ్ళనే పట్టుకెళ్ళండి," అంది నూకాలు.

అందరూ వెతికారు. సభ మొత్తం మీద తోకలున్నది బోర్డు వారికే.

ఒంటెగారు తన తోకని మెల్లగా కిందేసుక్కూర్చుని, కేసు వాయిదా వేశారు.

నీతి: ఏటి పంపకం తేలేలోపు కాళ్ళు మొలిపించుకోవడం మంచిది.