అద్దం పైన ఎన్ని కళ్ళు?

ప్రతి ఇంట్లోనూ ఒక సాలీడు ఉండి తీరాలని నా డిమాండ్! లేనివాళ్ళకు ప్రభుత్వమే ఇవ్వాలి. కరెంటు మీటరు బిగించినట్టు, ఇంటికొకటి చొప్పున బాత్రూము అద్దం పైన బిగించి వెళ్ళాలి.

నవ్వకండి. బూజుకర్ర పట్టుకుని తిరిగే పాఠకులు దాన్ని కాసేపు పక్కన పెట్టి వినండి.

మా ఇంట్లో మనుషులం నలుగురం: నేను, మా ఆవిడ, మా అబ్బాయి, మా అత్తగారు. బాత్రూములు రెండు. ఒకటి అత్తగారి గదిలో ఉంది. అందులోకి వెళ్ళాలంటే ఆవిడ అనుమతి కావాలి. అనుమతి దొరకదు. రెండోది మిగిలిన ముగ్గురిదీ.

మా అబ్బాయి ఆఫీసు ఉద్యోగం మానేసి, పాత కెమెరాలు బాగుచేసే కొట్టు పెడతానన్నాడు. నేను ఒక మాట అన్నాను. ఆ మాట అచ్చువేయడానికి ఎడిటరుగారు ఒప్పుకోరు. ఇది జరిగి ఐదు నెలలైంది. అప్పటినుంచి మా ఇద్దరి మధ్యా మా ఆవిడే పోస్టాఫీసు. "అమ్మా, నాన్నని గీజరు ఆపమను." "వాణ్ణి తలుపు వేసి వెళ్ళమను." ముగ్గురం ఒకే సోఫాలో కూర్చున్నా ఉత్తరం ఆవిడ మీదుగానే పోవాలి. ఆవిడకు జీతం లేదు, ఆదివారం సెలవు కూడా లేదు!

అలాంటి ఇంట్లో మంగళవారం పొద్దున ఏడూ పదికి బాత్రూములోంచి కేక వినబడింది.

"నాన్నా!"

ఐదు నెలల తర్వాత! పోస్టాఫీసు మీదుగా కాదు, నేరుగా!

పేపరు పారేసి పరుగెత్తాను. వాడు నోట్లో బ్రష్షుతో తలుపుకి అతుక్కుపోయి ఉన్నాడు. అద్దం పైన, ట్యూబులైటు పక్కన, కోటు గుండీ అంత సాలీడు.

"చెప్పుతో కొట్టనా?" అన్నాను.

"ఆగు ఆగు. అదేం జాతో తెలీకుండా కొడితే ఎలా? మీద పడి కరిస్తే?"

"కరుస్తుందంటావా?"

"నన్నడుగుతావేంటి, నువ్వు చెప్పాలి గానీ!"

గమనించారా? గుమ్మంలో నిలబడి అరనిమిషం మాట్లాడుకున్నాం! ఏ పెద్దమనిషి మధ్యవర్తిత్వంతో ఇది జరిగి ఉండేది?

ఇక జాతి నిర్ణయం. పూర్వం ఇంట్లో సాలీడు కనబడితే దాని పేరు సాలీడు. ఇప్పుడు అంత తేలిగ్గా వదిలిపెట్టరు. మా అబ్బాయి ఫోనులో ఒక యాప్ ఉంది. ఫొటో తీసి పెడితే జాతి చెబుతుంది. మొదటి ఫొటోకి "విషజాతి కావచ్చు, 61 శాతం" అంది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కాస్త వంగి తీసిన రెండో ఫొటోకి "నిరపాయం, 58 శాతం" అంది. ఆవిడ గడియ తీసింది. మూడో ఫొటోకి "కోటు గుండీ, 94 శాతం" అంది. మొత్తం మీద అది ధైర్యంగా చెప్పింది ఆ ఒక్కటే!

పురుగుల మందు కొట్టే కంపెనీకి ఫోన్ చేశాను.

"ఏ జాతి సార్?" అంది అవతలి అమ్మాయి.

"అది తెలిస్తే మీకెందుకు చేస్తానమ్మా?"

"ఫారంలో ఆ గడి నింపకపోతే ముందుకు పోదు సార్. కళ్ళెన్నో చూసి చెప్పండి. ఎనిమిదా, ఆరా?"

"దగ్గరికెళ్తే కదమ్మా కనబడేది!"

"దగ్గరికి మాత్రం వెళ్ళకండి సార్. ప్రమాదం."

ఆ అమ్మాయికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఆ సాయంత్రమే మా అబ్బాయి తన గదిలోంచి కెమెరాకి ఒక లెన్సు బిగించి తెచ్చాడు. చీమను చూపిస్తే ఏనుగంత చేసే లెన్సు. వాడు బల్ల ఎక్కాడు. నేను కింద నిలబడి టార్చి పట్టుకున్నాను.

"కొంచెం ఎడమకి, నాన్నా. ఊపిరి బిగబట్టు. నీ ఊపిరికి అది జరుగుతోంది."

"ఊపిరి పీల్చకుండా ఎంతసేపురా?"

"అదిగో, జరిగింది!"

నా టార్చి వెలుగు గోడంతా తిరిగింది. వాడి కెమెరా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ సంగతి రాసుకున్నాను.

ఫొటోలో ముందు వరస కళ్ళు నాలుగూ తేలాయి. వెనక వరస మసక. ఎనిమిదని నేను, ఆరని వాడు. బుధవారమంతా అదే గొడవ! గురువారం పొద్దున కాఫీ దగ్గర మళ్ళీ మొదలు!

"ఇంతకీ లెన్సు ఎక్కడిదిరా?"

"నువ్వు తుక్కు అన్నావే, ఆ పాత కెమెరాల డబ్బాలోదే. మరలన్నీ విప్పి బిగించడానికి నాలుగు రోజులు పట్టింది."

"బాగానే చూపిస్తోందే."

వాడు కప్పులోకి చూస్తూ నవ్వాడు. మా ఆవిడ కాఫీ మానేసి మమ్మల్ని చూసింది. పోస్టాఫీసు మూసి అప్పటికి మూడో రోజు.

కానీ ప్రతి పరిశోధనకూ శత్రువులుంటారు. మా బాత్రూము ప్రయోగశాల అయిపోవడంతో ముగ్గురం అత్తగారి బాత్రూము ముందు తువ్వాళ్ళు భుజాన వేసుకుని క్యూ కట్టాం. ఆవిడ మూడు రోజులు ఓర్చుకున్నారు. శుక్రవారం పొద్దున ఒక చేత్తో గాజు గ్లాసు, ఇంకో చేత్తో ఫ్రిజ్ మీది పెళ్ళి శుభలేఖ పట్టుకుని వచ్చారు.

"అత్తయ్యగారూ, ఆగండి! దాని జాతి ఇంకా తేలలేదు!"

"దానికేమైనా పిల్లనిస్తున్నామా నాయనా, జాతి చూడ్డానికి?"

బల్ల ఎక్కారు. గ్లాసు బోర్లించారు. కింద శుభలేఖ తోశారు. బాల్కనీలో పూలకుండీ దగ్గర వదిలేశారు. అంతా అర నిమిషం. డెబ్భై ఆరేళ్ళ వయసులో ఇంత దుడుకుతనం పనికొస్తుందా?

శనివారం పొద్దున మా అబ్బాయి గదిలోంచి మాట వినబడింది.

"అమ్మా, నాన్నని గీజరు ఆపమను."

మా ఆవిడ ఆ ఉత్తరం నాకు అందించలేదు. నా మొహంలోకి చూసింది. గీజరు ఆపాను.

మీరు అడగొచ్చు: వాడి గది తలుపు కొట్టి, ఆ రోజు అన్న మాట తప్పేనని చెప్పొచ్చు కదా అని. చెప్పొచ్చు. నా కుర్చీనుంచి ఆ తలుపు ఆరడుగులు. అందుకే బాల్కనీకి వెళ్ళి పదకొండు పూలకుండీలు వెతికాను. అది తేలిక! ప్రతి ఆకూ తిప్పి చూశాను. సాలీడు లేదు. కనీసం గ్లాసైనా సిద్ధంగా ఉంచుకుందామని వంటింట్లోకి వెళ్తే గాజు గ్లాసు లేదు. ఫ్రిజ్ మీద శుభలేఖా లేదు. ఎవరినడిగినా తెలీదన్నారు.

ఆదివారం పొద్దున ఏడూ పదికి మళ్ళీ కేక!

"నాన్నా! మళ్ళీ వచ్చింది!"

పరుగెత్తాను. అద్దం పైన, ట్యూబులైటు పక్కన, అదే చోట. వాడు వాష్ బేసిన్‌కి అడ్డంగా నిలబడ్డాడు. వాడి మోచేతి వెనక గాజు గ్లాసు, దాని కింద శుభలేఖ. వాడి ప్యాంటు మోకాళ్ళకి పూలకుండీ మట్టి.

నేను పైకప్పు చూశాను.

"ఇది అదేనంటావా?" అన్నాను.

"కళ్ళు లెక్కపెడితే గానీ చెప్పలేం. టార్చి పట్టుకురా."

తెచ్చాను. ఈసారి కొత్త బ్యాటరీలు వేసి తెచ్చాను. వాడు బల్ల ఎక్కాడు.

"కొట్టుకి చోటు ఎక్కడ చూశావురా?"

లెన్సు తిప్పే వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

"చెప్తాను. ముందు ఊపిరి బిగబట్టు. ఆరయ్యాయి, ఇంకా ఏవో ఉన్నాయి."

తలుపు అవతల మా అత్తగారు దగ్గారు. "మళ్ళీ మొదలెట్టారా? నా గ్లాసేదీ?"

వాడు నా వైపు చూశాడు. నేను టార్చి కదపకుండా రెండో చెయ్యి చాపి, గ్లాసు తీసి జేబులో దాచేశాను.