స్కార్ఫు కొసన ముడి

ఆ శనివారం ఉదయం పళ్ళ డాక్టరమ్మ తన క్లినిక్కు తలుపుకు "ఈ రోజు సెలవు" అన్న అట్టముక్క తగిలించి వచ్చి, అద్దం ముందు నిలబడి, మెడకు స్కార్ఫు చుట్టుకుని దాని కొసన చిన్న ముడి వేసుకున్నది. బాలికల స్కౌటు దళానికి ఆమె నాయకురాలు. దళంలో ప్రతివారూ పొద్దున్న లేవగానే స్కార్ఫు కొసన ముడి వేసుకోవాలి. ఆ రోజుకొక మంచి పని చేసిన తరువాతనే దాన్ని విప్పుకోవాలి. పళ్ళు తోముకోవడం ఎంత ముఖ్యమో ఇదీ అంత ముఖ్యమని ఆమె పిల్లలకు చెప్పేది. అంతకన్న పెద్ద పోలిక ఆమెకు తెలియదు.

పదింటికి స్కౌటు కమిషనరు తనిఖీకి వస్తున్నాడు. కమ్యూనిటీ హాలు వెనక గది దళానికి ఉంటుందా, ఊడుతుందా అన్నది ఆ తనిఖీతో తేలిపోతుంది. హాలు కమిటీ సెక్రటరీ ఆ గదిలో టేబుల్ టెన్నిసు బల్ల వేయించాలని ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. ఈ దళం పేరుకే ఉన్నదనీ, రెండు వేసవులుగా ఒక్క క్యాంపు కూడా పెట్టలేదనీ కమిషనరు చెవిన వేసినది అతడే. క్యాంపు పెట్టకపోవడానికి కారణం గుడారాలు లేకపోవడం. గుడారాలు లేకపోవడానికి కారణం వాటిని ఎలుకలు తినేయడం. ఈ రెండో సంగతి చెప్పినదీ సెక్రటరీయే. దళంలో ఒక్క పిల్ల కూడా ఇంతవరకు గుడారంలో పడుకున్న పాపాన పోలేదు.

"హాల్లోనే ఓ పాట, ఓ డాన్సు పెట్టించండి డాక్టరమ్మా. చప్పట్లు కొట్టేసి పంపించేద్దాం," అని ముందురోజు అతడు సలహా ఇచ్చాడు.

"మావాళ్ళు పాటల పిల్లలు కారండీ. తాళ్ళ పిల్లలు."

"ఆడపిల్లలకి తాళ్ళెందుకండీ?"

"కట్టెయ్యడానికి," అన్నది డాక్టరమ్మ. ఎవరిని అన్నది మాత్రం చెప్పలేదు.

ఆమె పథకం వేరు. హాలు గేటు నుంచి మందుల షాపు మలుపు దాకా, అక్కడ కుడికి తిరిగి పార్కు దాకా, సున్నం పూసిన గులకరాళ్ళతో బాణం గుర్తులు పేర్పించాలి. కమిషనరు వాటిని పట్టుకుని ఎవరినీ దారి అడగకుండా పార్కు చేరాలి. అక్కడ రెండు చెట్ల మధ్య పిల్లలు కట్టిన తాళ్ళ వంతెన ఎక్కాలి. ఎక్కి, దిగి, ఈ దళం పేరుకే ఉన్నదని ఎవరన్నారో వాళ్ళ ముఖం ఒకసారి చూడాలి.

"పిల్లలందరూ ముడి విప్పుకునే రావాలని చెప్పాను," అన్నది ఆమె, టీ అందిస్తున్న భర్తతో. "ఆయన ముందు ఒక్క స్కార్ఫుకీ ముడి కనిపించకూడదు."

భర్త కప్పు కింద పెట్టేశాడు. "పదింటిలోపా? దళం దళమంతానా?"

"అవును."

"ఈ ఒక్క వీధిలోనా?"

"ఏం, మన వీధికి మంచి అక్కర్లేదా?"

"అక్కరే. కానీ ఒక్కపూటలో అంత మంచి తట్టుకుంటుందా అని."

"మీరు టీ తాగండి," అన్నది డాక్టరమ్మ.

దళంలో నెమళ్ళు, పిచ్చుకలు, గుడ్లగూబలు అని మూడు జట్లు. నెమళ్ళ జట్టు తెల్లవారుతూనే బాణాలు పేర్చి పార్కుకు వచ్చేసింది. డాక్టరమ్మ వాళ్ళతో కలిసి వంతెన తాడును చివరిసారి బిగిస్తూ ఉండగా, భుజానికి సంచి తగిలించుకున్న పెద్దమనిషి ఒకాయన రొప్పుకుంటూ వచ్చాడు.

"డాక్టరమ్మా, మీ పిల్లల్ని కాస్త ఆపండి. నన్ను రోడ్డు దాటించారు."

"మంచిదేగా!"

"నేను దాటాలనుకోలేదండీ! బస్సు కోసం నిలబడ్డాను. ఇద్దరు రెండు చేతులూ పట్టుకుని అటు దాటించారు. నా బస్సు ఇటు వెళ్ళిపోయింది. సరేలే అని తిరిగొస్తుంటే మరో ఇద్దరొచ్చి, 'అయ్యో తాతగారూ, ఒక్కరే వెళ్తున్నారా' అని మళ్ళీ అటే దాటించారు. నాకు యాభై కూడా లేవు!"

ఇంతలో మందుల షాపాయన వచ్చాడు. అతని షాపులో సబ్బులన్నిటినీ పిల్లలు రంగుల వారీగా సర్ది పెట్టారట. చాలా అందంగా ఉన్నదట. ఏ సబ్బు ఎక్కడున్నదో మాత్రం ఇప్పుడు అతనికి తెలియడం లేదట. అతని వెనకనే స్కూటరు మెకానిక్కు నిలబడి ఉన్నాడు. విప్పి పెట్టుకున్న మరలన్నిటినీ ఎవరో సబ్బునీళ్ళతో కడిగి, చిన్నవి ఒక కుప్పగా, పెద్దవి ఒక కుప్పగా పోసి, దండం పెట్టి వెళ్ళిపోయారు.

"తిట్టడానికి నోరు రాలేదమ్మా. అంత మర్యాదగా చేశారు," అన్నాడతను దిగులుగా.

"రాకూడదు కూడా. మంచి పని చేసినవాళ్ళని తిడతారా ఎవరైనా?" అన్నది డాక్టరమ్మ. ఒకరి ముందు తగ్గడమన్నది ఆమె ఒంట్లో లేదు. అయినా రోడ్డు వైపు ఒకసారి తొంగి చూసుకున్నది.

అప్పుడు పిచ్చుకల జట్టు వచ్చింది. దానికి నాయకురాలు 'సందేహం'. ప్రశ్న లేకుండా మాట్లాడదు కనుక ఆ పేరు వచ్చింది. జట్టు మొత్తానికి ముడులు విప్పి ఉన్నాయి.

"మేడమ్, ఒక సందేహం. ఆట అయిపోయాక దారిగుర్తులు చెరిపెయ్యాలి కదా?"

"చెరిపెయ్యాలి. జాడ మిగల్చకూడదు."

"అందుకే చెరిపేశాం మేడమ్! పోయినవారం ప్రాక్టీసు బాణాలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. ఎవరైనా తట్టుకుని పడతారని పార్కు గేటు దగ్గర్నుంచి మందుల షాపు మలుపు దాకా మొత్తం ఏరేశాం."

నెమళ్ళు ఒక్కసారిగా కేక పెట్టాయి. "అవి ప్రాక్టీసువి కావే! ఇవాళ్టివే!"

డాక్టరమ్మ చేతిలోని తాడు జారిపోయింది. "రాళ్ళేవి?"

"గుడ్లగూబల వాళ్ళు అడిగితే ఇచ్చేశాం మేడమ్. ఇవ్వకూడదా?"

గుడ్లగూబల నాయకురాలు 'బుల్లెట్' అప్పటికే పరుగున వస్తున్నది. నడవడం ఆ పిల్లకు చేతకాదు. "మేడమ్! మా అందరిదీ కలిపి ఒకే మంచి పని! మలుపు దగ్గర బామ్మగారు లేరూ, కొత్తగా వచ్చారు చూడండి, కళ్ళు సరిగా ఆనవు, సందులన్నీ ఒకేలా ఉన్నాయి, ఇల్లు కనుక్కోలేకపోతున్నానమ్మా అన్నారు. మలుపు నుంచి ఎడమ సందులోకి, వాళ్ళ పెరటి గేటు దాకా తెల్లబాణాలు పేర్చేశాం. చివర సున్నా చుట్టి మధ్యలో చుక్క కూడా పెట్టాం!"

సున్నాలో చుక్క పెడితే 'ఇల్లు చేరాను' అని స్కౌటుల భాషలో అర్థం. అంటే కమిషనరు హాలు నుంచి మలుపు దాకా సక్రమంగా వచ్చి, అక్కడ కుడికి తిరగవలసింది పోయి ఎడమకు తిరిగి, ఎవరో బామ్మగారి పెరట్లో తేలతాడు. రెండు వేసవులు క్యాంపు లేని దళానికి ఇక దిక్కులు కూడా తెలియవని రుజువవుతుంది. వెనక గదిలోకి బల్ల వచ్చేస్తుంది.

డాక్టరమ్మ విజిలు నోట పెట్టుకుని పరుగెత్తింది. దళమంతా ఆమె వెనక పరుగెత్తింది. రోడ్డు పక్కన ఉన్నవాళ్ళు ఆ గుంపును చూసి గబగబా దుకాణాల్లోకి తప్పుకున్నారు. ఎవరికీ సాయం అక్కర్లేదు.

మందుల షాపు మలుపులో కమిషనరు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, వంగి, ఎడమకు చూపిస్తున్న బాణాన్ని ముచ్చటగా చూస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసినా నిక్కరు మానని మనిషి. సెక్రటరీ మాత్రం సందు మొగలో రెండు చేతులూ బారచాపి నిలబడి ఉన్నాడు. అతని చొక్కా వీపంతా చెమటతో తడిసింది.

"అటు కాదండీ! పార్కు ఇటు. నేను తీసుకెళ్తాగా!"

"బాణం అటే చూపిస్తోందండీ," అన్నాడు కమిషనరు. "పిల్లలు పెట్టిన గుర్తుని నేను కాదంటే ఎలా?"

"పిల్లలకేం తెలుసండీ! వీళ్ళకి కుడేదో ఎడమేదో తెలిస్తేగా! అందుకేగా ఈ దళం దండగని మీతో చెప్పింది!"

'క్షమించండి, పొరపాటు జరిగింది' అన్న మాట డాక్టరమ్మ నాలుక చివరిదాకా వచ్చి ఉన్నది. ఆమె దాన్ని అక్కడి నుంచే మింగేసింది.

"మా పిల్లలకి కుడి ఎడమలే కాదు, నాలుగు దిక్కులూ తెలుసు," అన్నది, ఊపిరి కూడగట్టుకుని. "ఆ బాణం మావాళ్ళు పెట్టిందే. తెలిసే పెట్టారు. పదండి, దాని వెంటే వెళ్దాం."

సెక్రటరీ గొంతు హఠాత్తుగా తేనె పూసుకున్నది. "అయ్యో డాక్టరమ్మా, మీ మంచికే చెప్తున్నా. ముందు పార్కుకి పదండి. మీ వంతెన చూపిద్దాం. అద్భుతంగా ఉందట కదా! గది సంగతి తర్వాత చూసుకోవచ్చు, అంత తొందరేముంది?"

ఏడాదిగా ఈ దళం గురించి ఒక్క మంచి మాట పలకని నోరు అది. డాక్టరమ్మ అతన్ని తేరిపార చూసింది. 'అక్కడ ముట్టుకోకండి, అక్కడేం లేదు' అని రోగి ఏ పన్ను గురించి బతిమాలతాడో, పుచ్చినది ఆ పన్నేనని ఆమెకు ఎన్నో ఏళ్ళ అనుభవం.

"పక్కకి జరగండి," అన్నది. అతడు జరిగాడు. జరగకపోతే దళం జరిపేది.

బాణం తరువాత బాణం. సందు చివర పచ్చరంగు గేటు ముందు, తెల్లరాళ్ళ సున్నాలో చక్కని చుక్క. కమిషనరు దానికి సెల్యూట్ చేసి గేటు తోశాడు.

పెరట్లో కారు ఉన్నది. కారు మీద ఎండ పడకుండా నాలుగు గుంజలకు బిగించి ఒక గుడారం ఉన్నది. దాని పక్కన మరొక గుడారం. దాని నీడలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ బామ్మగారు.

"వచ్చారా తల్లీ!" అన్నదావిడ బుల్లెట్‌ను చూసి. "మీ రాళ్ళు పట్టుకుని తిన్నగా వచ్చేశాను. ఈ పెద్దమనిషెవరు? ఈయనా దారి తప్పారా?"

డాక్టరమ్మ కారు మీది గుడారం దగ్గరకు వెళ్ళి, దాని అంచున ఉన్న పాత మాసికను వేలితో తడిమింది.

"ఈ కుట్టు నాది. పన్ను తీశాక చిగురుకి వేసే కుట్టు. బట్ట మీద ఇలా కుట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు."

"ఇవేనా ఎలుకలు తినేసినవి?" అన్నాడు కమిషనరు.

"అంటే... కొంత తిన్నాయండీ," అన్నాడు సెక్రటరీ. "మిగతాది ఇక్కడైతే భద్రంగా ఉంటుందని..."

"ఎలుకలేవిట్రా?" అన్నది బామ్మగారు ఆశ్చర్యంగా. "ఎండకి కారు రంగు పోతోంది, హాల్లో ఊరికే పడున్నాయి, తెచ్చి కట్టానమ్మా అని నువ్వేగా చెప్పావు! మా అబ్బాయేనండీ. చిన్నప్పట్నుంచీ పొదుపరి."

సందేహం చెయ్యి పైకెత్తింది. "మేడమ్, ఒక సందేహం. ఎలుకలకి కారుంటుందా?"

కమిషనరుకు దగ్గు వచ్చింది. అది చాలాసేపు తగ్గలేదు. తగ్గిన తరువాత అతడు నిటారుగా నిలబడి, గది దళానిదేననీ, వచ్చే వారమే క్యాంపు అనీ, అన్న నోటితోనే ఆ గుడారాలు విప్పి పార్కుకు మోయవలసినది ఎవరో కూడా చెప్పాడు. తరువాత డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"ఏమండీ, అందరివీ విప్పి ఉన్నాయి. మీ స్కార్ఫు ముడి మాత్రం అలాగే ఉందే?"

దళమంతా గుడ్లప్పగించి చూసింది. నిజమే. ఆయన ముందు కనిపించిన ఒకే ఒక్క ముడి ఆమెదే.

"వీళ్ళ మంచి పనులు సర్దుకోవడంతోనే సరిపోయింది నాకు," అన్నది డాక్టరమ్మ, తల దించకుండానే. ఆ స్కార్ఫును తీసి సెక్రటరీ మెడలో వేసింది. "ఇదిగోండి. ముడి వేసే ఉంది, మీకు ఆ శ్రమ కూడా లేదు. బామ్మగారూ, మీ నీడ తీసుకుపోతున్నాం, ఏమనుకోకండి. మీరు మా క్యాంపుకే వచ్చెయ్యండి. దారి పిల్లలు పెడతారు."

"పెట్టండమ్మా, పెట్టండి. మావాడు చూపించే దారికంటే మీ రాళ్ళే నయం."

సెక్రటరీ రెండు గుడారాలనూ చెరొక భుజాన వేసుకుని, వీధి వీధంతా చూస్తుండగా, పార్కుకు చేర్చాడు. వాటిని దించి, చెమట తుడుచుకుని, స్కార్ఫు కొస చేతిలోకి తీసుకున్నాడు.

"ఇక విప్పుకోవచ్చా డాక్టరమ్మా?"

"తీసినవాటిని తిరిగివ్వడం మంచి పని కిందికి రాదండీ. వేరేది వెతుక్కోండి."

అతడు రెండు వైపులా చూసి, బస్టాపు వైపు బయలుదేరాడు. అక్కడ నిలబడి ఉన్న సంచీ పెద్దమనిషి, తన వైపు వస్తున్న స్కార్ఫును చూసి, పక్కనున్న స్తంభాన్ని రెండు చేతులతో గట్టిగా వాటేసుకున్నాడు.