చెవులారా విన్న సాక్షి

మంగళవారం పొద్దున నగేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు ఇబ్రహీంపట్నంలోని ఇంట్లోంచి మోటారు సైకిలు మీద బయల్దేరాలి. శేరిగూడ దాటాక ఉన్న బస్సుల షెడ్డుకు ఏడులోపు చేరాలి. సూపర్‌వైజర్ రఘునందన్ సారుకు ముఖం చూపించాలి. ఆ వారం ముఖం చూపించడం మహా ముఖ్యం. ఆదిభట్లలో పనిచేసేవాళ్లను తీసుకెళ్లే స్టాఫ్ బస్సుల కాంట్రాక్టరు దగ్గర నగేష్ నాలుగేళ్లుగా స్పేర్ డ్రైవర్. అంటే ఎవడికైనా జ్వరమొస్తేనో, ఎవడి మరదలికైనా పెళ్లయితేనో తప్ప అతని చేతికి స్టీరింగు రాదు. అలాంటిది, వచ్చే సోమవారం కొత్త ఏసీ బస్సొకటి దిగుతోంది. దాని తాళాలు నగేష్‌కే ఇస్తానని సారు తన నోటితో అన్నాడు. ఆ బస్సు ముందు నిలబడి ఫొటో దిగడానికి అతని భార్య లీదియా చీర కూడా ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

రఘునందన్ సారుకు రెండు నియమాలున్నాయి. మొదటిది షెడ్డు గోడమీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది: బండి నడుపుతూ ఫోను మాట్లాడిన డ్రైవరును అక్కడికక్కడే పనిలోంచి తీసేస్తారు. రెండోది ఏ గోడమీదా ఉండదు. సారు ఫోను చేస్తే మూడో రింగులోపల ఎత్తాలి.

శేరిగూడ మలుపులో ఫోను మోగింది. చూస్తే సారే. నగేష్ రెండో నియమాన్ని పాటించి, ఫోనును హెల్మెట్‌కూ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు.

"ఏడున్నవ్ నగేష్?"

"శేరిగూడ కాడ సారూ, ఐదే నిమిషాలల్ల..."

ఆ ఐదు నిమిషాలు వారం రోజులయ్యాయి. పక్క సందులోంచి తిరుమల్ వచ్చాడు. ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లకు గుడ్లు వేసే మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. వెనక కట్టిన గుడ్ల అట్టలు ఊగుతున్నాయేమోనని తల వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడు. ఒకడి తల వెనక్కి, ఇంకొకడి చెవి ఫోనులో. రెండు బండ్లూ మెల్లగానే వచ్చి, మెల్లగానే గుద్దుకున్నాయి. మెల్లగా పోనిది గుడ్లే. పన్నెండు అట్టలూ నగేష్ మీదే పగిలాయి. జనం పరుగెత్తుకొచ్చి చూసేసరికి అతను నెత్తి నుంచి కాళ్ల దాకా పచ్చగా ఉన్నాడు.

"తప్పు నాదే అన్న, ఎనకకు చూసిన," అని తిరుమల్ నగేష్ చేతులు పట్టుకున్నాడు.

తప్పులో సగం నాదని నగేష్ చెప్పవలసిన మాట గొంతు దాకా వచ్చింది. కానీ హెల్మెట్ లోపల ఇంకా "అలో! అలో! ఏందా సప్పుడు?" అని సారు గొంతు వినిపిస్తోంది. కాసేపటికి అదీ ఆగిపోయింది. గోడమీది ఎర్ర అక్షరాలు కళ్లముందు ఆడాయి. నగేష్ మాట మింగేశాడు. చుట్టూ చేరినవాళ్లు తిరుమల్‌ను నాలుగు తిట్టి, పగలని గుడ్లు ఏరుకుని వెళ్లిపోయారు.

దెబ్బ అంటారా, మోకాలి మీద రూపాయి బిళ్లంత తోలు లేచింది. ఆరెంపీ డాక్టరు దాని మీద చిన్న అతుకు పట్టీ వేసి, నవ్వి పంపించాడు. షెడ్డుకు ఫోను చేసి "బండి జారింది సారూ, ఏం కాలే, సోమవారం దాకా సెలవియ్యుండ్రి" అంటే, సారు "మంచిది, మంచిది" అన్నాడు. హెల్మెట్‌లో మోగిన ఫోను ఊసు ఇటునుంచి ఇతనూ ఎత్తలేదు, అటునుంచి ఆయనా ఎత్తలేదు. కథ అక్కడితో ముగిసిపోవలసిందే. కానీ మన దగ్గర దెబ్బ తగిలినవాడు ఒక్కడే బాగుపడితే సరిపోతుందా? చుట్టాలు వచ్చి చూసిపోవద్దూ!

సాయంత్రానికల్లా యాచారం నుంచి చిన్నమ్మ యాదలక్ష్మి ఆటో మాట్లాడుకుని దిగింది. చేతిలో బ్రెడ్డు, బత్తాయిలు, కళ్లల్లో నీళ్లు. లోపలికి వచ్చి, మంచం మీది కాలు చూసి, నీళ్లు తుడుచుకుంది.

"గింతేనా?"

"గింతే చిన్నమ్మ. జర తోలు లేచింది."

"తోలు లేస్తే తోలు లేచిందని చెప్పాలె గద! కాలు పోయిందనుకొని తొవ్వపొంట ఏడ్సుకుంట వచ్చిన. మీ పెద్దమామోళ్లకు, మంచాల ఊరోళ్లకు అందరికి ఫోన్ చేసి చెప్పిన. రేపు వాళ్లొచ్చి గీ పట్టీ చూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

చిన్నమ్మ ఇజ్జత్ కోసం బుధవారం మోకాలికి పొడుగు కట్టు కట్టారు. పెద్దమామ వాళ్లు వచ్చి తృప్తిగా చూసుకుపోయారు. వాళ్లు చెప్పగా ఇంకో రెండు ఊళ్లవాళ్లు గురువారం వచ్చారు, వాళ్ల కోసం కాలి కింద రెండు దిండ్లు వచ్చాయి. వచ్చినవాళ్లకు కథ చెప్పడానికి యాదలక్ష్మి అక్కడే మకాం వేసింది. ఆమె నోట్లో తిరుమల్ మోటారు సైకిలు బుధవారానికి ఆటో అయింది, గురువారానికి డీసీఎం వ్యాను అయింది. ఇంట్లో ఎటు చూసినా బ్రెడ్డు. లీదియా మూడు పూటలా అదే కాల్చి పెడుతూ, "గిదంతా నాకు మంచిగ కొడ్తలేదు," అని మొగుడి మీద గుర్రుమంది.

డీసీఎం అన్న మాట చెవిన పడగానే నగేష్ అక్క మొగుడు ధర్మేందర్ వచ్చేశాడు. ఆయనకు పదకొండేళ్లుగా కోర్టులో భూమి కేసు నడుస్తోంది. ఆ కేసులో ఆయనకు ఇంతవరకూ ఒక్క గుంట కూడా రాలేదు గానీ, న్యాయశాస్త్రం మాత్రం మొత్తం వచ్చేసింది. తెల్ల చొక్కా, చంకలో ఫైలు లేకుండా టీ తాగడానికి కూడా బయటికి పోడు.

"క్లెయిమ్ ఏద్దాం," అన్నాడు కూర్చోకుండానే.

"ఏం క్లెయిమ్ బావా? తోలు లేచింది గంతే."

"తోలు నీదా కాదా? లేపినోడు వాడా కాదా? నిర్లక్ష్యంగా బండి నడిపిండు. పైసలు ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ. వానికేం పోదు, నీకేం పోదు."

"సోమవారం నేను బస్సు ఎక్కాలె బావా."

"ఎక్కు. ఎవడొద్దన్నడు? కేసు కాగితం మీద నడుస్తది, నువ్వు కాళ్ల మీద నడువు."

ఎవరికీ ఏమీ పోదు అన్న మాట నగేష్‌కు నచ్చింది. మనసులో ఏ మూలో ముల్లు గుచ్చుకుంటున్నా, దాన్ని తీసి చూసుకోలేదు. "మరి సాక్షి ఎవ్వరు? ఉన్నోళ్లంతా గుడ్లేరుకొని పోయిండ్రు," అన్నాడు.

"సాక్షి సంగతి నేను చూసుకుంట. ఫికర్ చెయ్యకు," అన్నాడు ధర్మేందర్. "కట్టు మాత్రం గట్టిగుండాలె."

ఎక్స్‌రే లేకుండా పిండికట్టు వేసేది లేదని ఆరెంపీ డాక్టరు తెగేసి చెప్పాడు. అంతమాత్రాన వెనక్కి తగ్గితే ఆయన ధర్మేందరే కాదు. పక్క వీధిలో కొత్త ఇంటికి సీలింగు పని చేస్తున్న మేస్త్రీ భిక్షాన్ని శుక్రవారం మధ్యాహ్నం పిలుచుకొచ్చాడు. పై కప్పులకు వాడే పిండే కదా, కాలికెందుకు పనికిరాదు? భిక్షం మంచి పనిమంతుడు. తొడ నుంచి మడమ దాకా నున్నగా పూత పూశాడు. అలవాటు కొద్దీ పై అంచున చిన్న పూల డిజైను కూడా తిప్పాడు.

శనివారం వచ్చిన చుట్టాలు ఆ పూలను వేలితో తడిమి చూశారు. "గిట్ల పూలు గుడ ఏస్తరా?" అని అడిగితే, "ప్రైవేటు దవాఖాన గద," అని యాదలక్ష్మి జవాబు చెప్పింది.

ఆదివారం ఆడవాళ్లిద్దరూ చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో తిరుమల్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక అట్ట గుడ్లు. ధర్మేందర్ కబురు పంపిస్తే వచ్చాడట. పూల కట్టు చూసి అతని ముఖం పాలిపోయింది.

"గింత దెబ్బ తాకిందని నాకు ఎరుకలేదన్న. ఆ దినం నడుసుకుంట పోతివి గద!"

"లోపల ఇరిగింది," అన్నాడు ధర్మేందర్. "నువ్వేం భయపడకు. నీ బండి ఇన్సూరెన్స్ కాగితం ఇయ్యి."

"ఇన్సూరెన్స్ పోయిన నెలల్నే అయిపోయింది. కట్టలే."

ధర్మేందర్ ఫైలు తిరగేసి, "అయితే నువ్వే కట్టాలె," అన్నాడు.

"బండి అమ్మితే తప్ప నాతోని కాదన్న. బండి అమ్మితే గుడ్లెట్లెయ్యాలె? పిల్లలను ఎట్ల సాదాలె?"

నగేష్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. మనసులోని ముల్లు ఇప్పుడు నిలువునా దిగింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. లోపలికి వచ్చింది సాక్షాత్తూ రఘునందన్ సారు. డీసీఎం కథ షెడ్డు దాకా పోయిందట. రేపు తాళాలు ఎవరికివ్వాలో తేల్చుకోవాలని వచ్చాడు. కుర్చీలో ఒక మూలకు కూర్చుని కట్టు వంక, గోడ వంక, బత్తాయిల వంక చూశాడు గానీ, నగేష్ కళ్లలోకి మాత్రం చూడలేదు. నగేష్ కూడా ఆయన వంక చూడలేదు.

పెద్దమనిషి దొరికాడన్న ఉత్సాహంతో ధర్మేందర్ ఫైలు విప్పి, స్టేషన్లో ఇవ్వబోయే దరఖాస్తు గొంతెత్తి చదివాడు.

"సదరు తిరుమల్ అనునతడు తన ద్విచక్ర వాహనమును అతివేగముగాను, అజాగ్రత్తగాను నడుపుకొనుచు వచ్చి, ఏ పాపమెరుగని నా బామ్మర్దిని ఢీకొట్టినాడు. పై ప్రమాదమును నేను కళ్లారా చూడకపోయినను, ఆ సమయమున సదరు నగేష్‌తో ఫోనులో మాట్లాడుచున్నందున, మొత్తము చెవులారా విన్నాను. ఇట్లు, సాక్షి, ధర్మేందర్."

బావ ఆ పొద్దున నగేష్‌కు ఫోనే చేయలేదు. పదకొండేళ్ల కోర్టు తెలివితో ఆయన అల్లిన అబద్ధం నేరుగా పోయి నిజం మీద కూర్చుంది.

రఘునందన్ సారు వెన్ను నిటారుగా అయింది. ఐదు రోజులుగా ఆయన్ని తినేస్తున్న భయం ఒక్క క్షణంలో దిగిపోయింది. ఆ ఫోను నాదే అని వేరే మనిషి రాతపూర్వకంగా ఒప్పుకుంటుంటే ఎవరికి మాత్రం హాయిగా ఉండదు?

"ఏంది నగేష్? బండి నడుపుకుంట ఫోన్ మాట్లాడినవా?" అన్నాడు, గోడమీది ఎర్ర అక్షరాలంత కోపంగా. "సొంత బండైతేంది, బస్సైతేంది! గిసుంటోనికి నలభై మంది పానాలు ఎట్ల అప్పజెప్పాలె? తాళాలు లేవు. రేపటి సంది పనికి గుడ రాకు."

టీ కప్పులతో వచ్చిన లీదియా వంటింటి గుమ్మంలోనే నిలబడింది. తిరుమల్ చేతులు జోడించాడు.

"సారూ, అన్నను ఏమనకుండ్రి. ఫోన్ల మాట్లాడినా గుద్దింది నేనే. ఎనకకు చూసిన. తప్పు నాది. ఆయన పని తియ్యకుండ్రి సారూ."

ఎవడి బండి అమ్మించబోయారో వాడే తన ఉద్యోగం కోసం దండం పెడుతున్నాడు! నగేష్‌కు ఏడుపు, కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చాయి. "ఆగుండ్రి!" అంటూ మంచం దిగి గది నడిమిట్లో నిలబడ్డాడు. పిండికట్టు మోకాలి దగ్గర పెళ్లున పగిలి, పూల అంచు వెళ్లి సారు కాళ్ల దగ్గర పడింది.

"లేచిండు! నడుస్తున్నడు!" అని యాదలక్ష్మి చేతులెత్తింది. "పొద్దుగాల చర్చిల ప్రార్థన పెట్టిచ్చిన, గప్పుడే పనిచేసింది!"

"ఇరిగితే గద చిన్నమ్మ లేవనీకి! ఉత్త తోలు లేచింది," అన్నాడు నగేష్. "తిరుమలన్న, నువ్వు ఒక్క రూపాయి గుడ కట్టేది లేదు. నేను ఫోన్ మాట్లాడుకుంట సూస్కోలే. గా మాట గా దినమే చెప్పాలె, పని పోతదని భయపడ్డ. మాట్లాడింది మా బావతోని కాదు." సారు వైపు తిరిగాడు. "ఎవ్వరితోనో మీకెరుక లేదా సారూ?"

సారు బత్తాయిల వంక చూశాడు. లీదియా కప్పులు కింద పెట్టి, మొగుడి ఫోను తీసుకుని, మంగళవారం నాటి ఫోన్ల లెక్క బయటికి తీసింది. ఆరూ నలభైకి వచ్చిన ఫోను ఒక్కటే. పేరు రఘునందన్ సారు. ఆమె ఆ ఫోనును ఆయన ముక్కు ముందు పెట్టింది.

"గోడ మీద రూలు మీదే, పొద్దున లేస్తే ఫోన్లు మీయే. ఎత్తకుంటె తిడ్తరు, ఎత్తితే తీసేస్తరు. ఈయన ఏం జెయ్యాలె సారూ, మీరే చెప్పుండ్రి."

జవాబు దొరికింది ధర్మేందర్‌కు. ఆయన కళ్లు మెరిశాయి.

"అట్లనా! అయితే సాక్షిని నేను గాదు, సారే! సారూ, నా పేరు కొట్టేస్త, గిక్కడ మీరు సంతకం పెట్టుండ్రి. పొద్దున స్టేషన్ల ఇద్దాం."

రఘునందన్ సారు ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని, నాలుగు మడతలు పెట్టి, తన జేబులోనే దాచుకున్నాడు. ఏ ప్రమాదమూ జరగలేదన్నాడు. గుడ్లు పగిలాయి, అంతే అన్నాడు. పగిలిన పన్నెండు అట్టలకు ఆరు తాను, ఆరు నగేష్ కొనిద్దామన్నాడు. తాళాల కోసం రేపు ఆరున్నరకే రమ్మన్నాడు. పోతూ పోతూ బత్తాయి ఒకటి తీసుకున్నాడు. తిరుమల్‌ను లీదియా కూర్చోబెట్టి, అతను తెచ్చిన గుడ్లే నాలుగు పగలగొట్టి ఆమ్లెట్ వేసింది. వారం రోజుల తర్వాత ఆ ఇంట్లో బ్రెడ్డు కానిది పళ్లెంలో కనిపించింది.

సోమవారం లీదియా ఇస్త్రీ చీరలో ఫొటో దిగింది. నగేష్ ఇబ్రహీంపట్నంలో నలభై మందిని ఎక్కించుకుని, కొత్త ఏసీ బస్సును సాగర్ రోడ్డు ఎక్కించాడు. శేరిగూడ మలుపు దగ్గర ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎత్తలేదు. మళ్లీ మోగింది. చేతులు స్టీరింగు మీదే ఉంచి, పళ్లు బిగబట్టి, ఏడు సార్లు మోగనిచ్చాడు. ఆదిభట్లలో అందర్నీ దించి, ఇంజను ఆపి, చెమట తుడుచుకుని, తనే ఫోను చేశాడు.

"ఏం నగేష్, ఎన్నిసార్లు చెయ్యాలె?" అన్నాడు రఘునందన్ సారు. "బస్సు నడిపేటప్పుడు నా ఫోన్ ఎత్తొద్దని చెప్పనీకే గద చేసిన!"